‘కరువు’ను ఇంగ్లీషులో ఏమని రాయాలి?

కొన్నేళ్ల కిందట, ఆగస్టు నెలాఖరులో, మా చిన్నాయన ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "వానల్లేవని ఇంగ్లీషులో ఒక అర్జీ రాసియ్యి నాయనా. తెలుగులో రాస్తే పైదాకా పోదంట" అన్నాడు. మాది అనంతపురం జిల్లా. ఎర్ర నేలలు, వానాధారపు శనక్కాయ. నేను రోజంతా ఇంగ్లీషుకీ తెలుగుకీ మధ్య అనువాదాలు చేసే మనిషిని కాబట్టి పది నిమిషాల్లో రాసిచ్చాను. మా ఊళ్లో వాన లేదు, నేలంతా పార్చ్‌డ్‌గా, అంటే మాడి ఎండిపోయి ఉంది, చేలు నెర్రెలిచ్చాయి, ఊరంతా ఫేమిన్‌లో ఉంది అని అరపేజీ.

రెండు రోజులకే ఆ కాగితం తిరిగొచ్చింది. ఆఫీసులో ఒకాయన ‘ఫేమిన్’ అన్న మాట కొట్టేసి, పక్కన పెన్సిలుతో మూడు ప్రశ్నలు రాసిచ్చాడు. ఎన్ని వారాల డ్రై స్పెల్? నార్మల్‌లో ఎంత శాతం? పంట ఏ దశలో ఉంది?

ఆ రోజు నాకు కోపమొచ్చింది. చేను కళ్లముందే మాడిపోతుంటే ఈ లెక్కలేమిటి అనిపించింది. తర్వాత నా పనిలో భాగంగా వాతావరణ బులెటిన్లు, కరువు నివేదికలు చదివేకొద్దీ ఆ మూడు ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైంది. ఇంగ్లీషు కాగితం మీద వాన లేకపోవడాన్ని చెప్పే ప్రతి మాట వెనకా ఒక కొలత ఉంటుంది. కొన్నిటి వెనక ఒక బాధ్యత కూడా ఉంటుంది. ఆ మాటలన్నిటినీ మనం తెలుగులోకి వచ్చేసరికి ‘కరువు’ అనో ‘వర్షాభావం’ అనో ఒకే గంపలో వేసేస్తున్నాం. ఆ గంప విప్పి చూడటమే ఈ వ్యాసం పని.

కొట్టేసిన మాట

ముందు ఆ ఫేమిన్ సంగతి. మన కరువు చాలా పెద్ద మాట. వాన పడకపోతే కరువు, తిండి దొరక్కపోతే కరువు, సరుకు ధర పెరిగితే కరువు. ఉద్యోగులకు ధరల పెరుగుదలకు తగ్గట్టు ఇచ్చే డీఏని ఇప్పటికీ కరువు భత్యం అనే అంటాం. కంటికి నిద్ర కరువవుతుంది, మనిషికి ఆదరణ కరువవుతుంది. ఇంగ్లీషులో ఇవన్నీ వేరు వేరు మాటలు. డ్రౌట్ అనేది ‘డ్రై’ ఉన్న కుటుంబంలోనే పుట్టింది, దానికి ఎండు అన్నదే మూలం. ఫేమిన్ ఆకలి నుంచి పుట్టింది. మొదటిది ఆకాశం సంగతి, రెండోది కడుపు సంగతి.

ఈ రెండిటి మధ్య చాలా దూరం ఉంది. వాన తప్పుతుంది, పంట పోతుంది, కూలి పని పోతుంది, గింజల ధర పెరుగుతుంది, చివరికి మనిషి పస్తుంటాడు. తెలుగులో ఈ దారి మొత్తానికీ ఒకే పేరు ఉండటానికి కారణం, ఒకప్పుడు ఈ మొదటి నుంచి ఆ చివరకు చేరడానికి ఒక్క ఏడాది కూడా పట్టకపోవడమే అని నా నమ్మకం. మనకు విడి మాటలు లేక కాదు. వాన తప్పితే అనావృష్టి, వరపు. తిండి తప్పితే క్షామం. దుర్భిక్షం అన్న మాటనైతే విడదీసి చూడాలి: భిక్ష కూడా దొరకని కాలం. అడుక్కునేవాడికి వేయడానికి గుప్పెడు గింజలు ఏ ఇంట్లోనూ లేవని అర్థం. అంత సూటిగా చెప్పే మాటను మనం పండితుల మాట అని పక్కన పెట్టేశాం.

ఏ మాట రాయాలన్న గొడవ కొత్తది కాదు. 1832-33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువొచ్చింది. ఆ ఏడాది పేరు మీద నందన కరువు అన్నారు, మనుషులు ఎముకల గూళ్లయ్యారు కాబట్టి డొక్కల కరువు అనీ అన్నారు. చనిపోయినవాళ్లు రెండు లక్షల దాకా ఉంటారని అంచనాలున్నాయి. అప్పుడు ఆ ప్రాంతంలో కంపెనీ కొలువులో ఉన్న దొరల్లో మనందరికీ తెలిసిన సి.పి. బ్రౌన్ ఒకడు. ప్రభుత్వం తన కాగితాల్లో వాడుతున్న మాట ‘స్కేర్సిటీ’, అంటే కొరత. బ్రౌన్ ‘ఫేమిన్’ అని రాశాడు. పైవాళ్లు తప్పుపట్టారు.

తర్వాత నిఘంటువు రాసినవాడు, ఒక్కో తెలుగు మాటకు ఇంగ్లీషు మాట ఏది సరిపోతుందో తూచి చూసినవాడు, అక్కడ ఏ మాట పడాలో తెలియక రాసి ఉండడు. కొరత అంటే సరుకు సరిపోకపోవడం. నూనెకు కొరత ఉంటుంది, ఉప్పుకు కొరత ఉంటుంది. దారి పక్కన శవాలు పడి ఉన్నప్పుడు దాన్ని కొరత అని రాస్తే, చదివేవాడికి శవాలు కనపడవు. నాకు బ్రౌన్ చేసిన అన్ని పనుల్లోనూ ఈ ఒక్క మాట పట్టుదల మీద ప్రత్యేకమైన గౌరవం.

1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని, అందులోనూ బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను ఊడ్చేసిన కరువు తర్వాత 1880లో ఫేమిన్ కమిషన్ నివేదిక వచ్చింది. దాని వెంట ఫేమిన్ కోడ్‌లు, అంటే కరువొస్తే ప్రభుత్వం ఏం చేయాలో చెప్పే నియమావళులు వచ్చాయి. వాటిలో స్కేర్సిటీ కింది మెట్టు, ఫేమిన్ పై మెట్టు. పై మెట్టు ఎక్కామని రాస్తే ప్రభుత్వం పనులు తెరవాలి, గంజి కేంద్రాలు పెట్టాలి, పన్ను మాఫీ చేయాలి. అంటే మాట మారితే ఖర్చు మారుతుంది. స్వాతంత్య్రం వచ్చాక 1963లో మహారాష్ట్ర ఏకంగా ఒక చట్టమే చేసి, తన చట్టాల్లో ఎక్కడెక్కడ ఫేమిన్ అని ఉందో అక్కడల్లా ఆ మాట తీసేసి స్కేర్సిటీ అని పెట్టుకుంది. ఇక మీదట ఫేమిన్‌కు తావే లేదన్నది అప్పుడు చెప్పిన కారణం.

కాబట్టి మా చిన్నాయన అర్జీలో ఆ మాట కొట్టేసిన పెన్సిలు వెనక నూట ఎనభై ఏళ్ల కథ ఉంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, మా అర్జీ వరకు ఆయన కొట్టేయడం న్యాయమే. మా ఊళ్లో రేషన్ బియ్యం అందుతున్నాయి, ఉపాధి పనులు నడుస్తున్నాయి. మాకు పోయింది వాన, పోబోతున్నది పంట. దానికి సరైన మాట ఫేమిన్ కాదు.

ఎన్ని వారాలు?

ఇంగ్లీషు మాటలు పుట్టిన దేశంలో వాన స్వభావమే వేరు. లండన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు. అనంతపురంలో సుమారు 550. ఈ రెండంకెలు పక్కపక్కన చూసినప్పుడు నేను చాలాసేపు నమ్మలేదు. తేడా అంతా ఎప్పుడు, ఎలా పడుతుందన్న దాంట్లో ఉంది. అక్కడ ఆ వాన పన్నెండు నెలల మీద సన్నగా పరుచుకుంటుంది, ఎండ తక్కువ కాబట్టి నేలలోనే ఉంటుంది. ఇక్కడ కొద్ది నెలల్లో, కొద్ది రోజుల్లో పడి, పడినదాంట్లో చాలా భాగం ఎండకు ఆవిరైపోతుంది.

అందుకే అక్కడి కొలతలు మనకు వింతగా ఉంటాయి. 1887లో బ్రిటన్‌లో వాన లెక్కలు సేకరించే సైమన్స్ బృందం ఒక నిర్వచనం పెట్టింది: వరసగా 15 రోజులు, ఏ ఒక్క రోజూ అంగుళంలో నూరో వంతు వాన కూడా పడకపోతే అది ‘ఆబ్సొల్యూట్ డ్రౌట్’. పదిహేను రోజులు! జనవరి నుంచి ఏప్రిల్ దాకా చినుకు రాలకపోయినా మన దగ్గర ఎవరూ కరువనరు, అది ఎండకాలం. అక్కడివాళ్లకూ పెద్ద ఎండలు తెలియకపోలేదు. 1976 వేసవిలో బ్రిటన్ ప్రభుత్వం డెనిస్ హోవెల్ అనే ఆయనను కరువు మంత్రిగా నియమించింది, కొద్ది రోజులకే వానలు మొదలయ్యాయి. కానీ వాళ్ల భాషలో డ్రౌట్ అంటే వాన రావలసిన రోజుల్లో రాకపోవడం. వాళ్లకు వాన రాకూడని రోజులంటూ లేవు కాబట్టి, రోజులు లెక్కపెడితే సరిపోయింది.

మనకు రోజుల లెక్కకు ముందు కార్తె లెక్క కావాలి. ఆరుద్ర కురిస్తే దారిద్య్రం లేదంటారు. ఆరుద్ర అంటే జూన్ చివరి వారం, జూలై మొదటి వారం. విత్తనం పడే అదును అది. అదే వాన మే నెల మొదట్లో పడితే దుక్కి దున్నుకోవడానికి పనికొస్తుంది, పంట లెక్కలోకి రాదు. తెలంగాణ పల్లెల్లో వానలు పడకపోతే ‘కాలం కాలేదు’ అంటారు. వానకే కాలం అని పేరు పెట్టుకున్న మాట అది. దీన్ని ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్టు తీసుకెళ్లడం నా వల్ల ఇప్పటిదాకా కాలేదు.

మన దేశపు కొలత మన వాతావరణానికి తగ్గట్టే మారింది. కరువు నిర్వహణకు కేంద్రం 2016లో తెచ్చిన మాన్యువల్ ప్రకారం డ్రై స్పెల్ అంటే, రుతుపవనాలు రావలసిన తేదీ దాటాక, వరసగా మూడు నాలుగు వారాలు ప్రతి వారం మామూలుగా పడేదాంట్లో సగం కూడా పడకపోవడం. అంటే చుక్క పడకూడదని కాదు. మధ్యలో ఒక జల్లు పడినంత మాత్రాన డ్రై స్పెల్ తెగిపోదు. ఈ సంగతి తెలియక, ‘మొన్న పదో తారీఖు చిన్న జల్లు పడిందిలే’ అని చాలామంది లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంటారు. ఆ జల్లు రెయిన్ గేజ్‌లో ఎంత చూపించిందన్నదే ప్రశ్న. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది ‘రెయినీ డే’. ఉదయం ఎనిమిదిన్నరకు కొలగాజులో పోసి చూస్తారు. రెండుం పావు పడితే చొక్కా తడుస్తుంది, మట్టి వాసన వస్తుంది, పిల్లలు వీధిలోకి పరుగెత్తుతారు, పుస్తకంలో మాత్రం అది వాన పడిన రోజు కాదు. మొదట్లో ఇది అన్యాయమనిపించినా, చేలో నిలబడి చూస్తే సరైనదే. రెండుం పావు మిల్లీమీటర్ల వాన మధ్యాహ్నానికల్లా ఆవిరైపోతుంది, వేరుదాకా దిగదు.

ఇంకో మాట ‘బ్రేక్’. రుతుపవనాల ద్రోణి హిమాలయాల పాదాల వైపు జరిగిపోతే మధ్య భారతమంతా వానలు ఆగిపోతాయి. దాన్ని బ్రేక్ మాన్‌సూన్ అంటారు, మన పత్రికలు ‘రుతుపవనాలకు విరామం’ అని రాస్తాయి. అలాంటి రోజుల్లోనే తమిళనాడులో, దానికి ఆనుకున్న మన దక్షిణ జిల్లాల్లో ఉరుముల వానలు పడే అవకాశం పెరుగుతుంది. దేశానికి విరామమైనది మా చేనుకు ఒక తడి కావచ్చు. ఢిల్లీ నుంచి వచ్చిన వార్తను ‘వానలు ఆగిపోయాయి’ అని అందరికీ కలిపి రాసేస్తే, మా ఊరి రైతు ఆకాశం చూసి నవ్వుకుంటాడు.

నార్మల్ అంటే మామూలా?

పెన్సిలు ప్రశ్నల్లో రెండోదే అన్నిటికన్నా చిక్కుముడి. నార్మల్‌కు మనం సాధారణం అంటాం. ‘ఈసారి సాధారణ వర్షపాతం’ అని చదివితే ఎవరికైనా అన్నీ బాగున్నాయనే అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటకే రెండు పనులున్నాయి. ఒకటి, కొన్ని దశాబ్దాల వానల సగటు. రెండు, ఆ సగటుకు దగ్గరగా పడిందని చెప్పే వర్గం పేరు. మొదటిది కొలబద్ద, రెండోది తీర్పు. తెలుగులో రెండిటికీ సాధారణమే రాస్తాం. మొదటిదానికి సగటు అని రాస్తే సగం గందరగోళం పోతుంది. నేను చాలాకాలంగా అలాగే రాస్తున్నాను.

ఆ ‘దగ్గర’ ఎంత దగ్గర అన్నది ఇంకా ముఖ్యం. జిల్లాల లెక్కలో సగటుకు 19 శాతం ఎక్కువైనా, 19 శాతం తక్కువైనా నార్మలే. లోటు 20 శాతం నుంచి 59 శాతం దాకా ఉంటే డెఫిషియెంట్. 60 నుంచి 99 దాకా లార్జ్ డెఫిషియెంట్, దీన్నే పాత బులెటిన్లలో ‘స్కాంటీ’ అనేవాళ్లు. అసలే పడకపోతే నో రెయిన్. ఉదాహరణకు ఒక మండలంలో ఆగస్టు సగటు 100 మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో 81 పడింది. మూడో తేదీ రాత్రి ఒక్క దెబ్బకు మొత్తం కురిసి, గట్లు తెగి, ఆ తర్వాత నెలాఖరుదాకా చుక్క లేదు. పట్టికలో ఆ మండలం పక్కన నార్మల్ అనే ఉంటుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఆ మాట నెల మొత్తాన్ని కొలిచింది, రోజుల మధ్య ఖాళీని కొలవలేదు. అందుకే డ్రై స్పెల్ అన్న రెండో కొలత అవసరమైంది.

దేశం మొత్తానికి వచ్చేసరికి గీత ఇంకా సన్నగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశ సగటు సుమారు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం పడితే నార్మల్, 90కి తగ్గితే డెఫిషియెంట్, మధ్యలో పడితే బిలో నార్మల్. అంటే జిల్లాకు 85 శాతం పడితే నార్మల్, దేశానికి 85 శాతం పడితే గడ్డు సంవత్సరం. పేరు ఒకటే, తూనికరాళ్లు వేరు. దేశం అంత పెద్దది కాబట్టి సగటులో పది శాతం తగ్గిందంటే ఎక్కడో కొన్ని రాష్ట్రాలు నిలువునా ఎండిపోయాయని అర్థం.

2023 చూడండి. ఆ ఏడాది దేశంలో 94 శాతం వాన పడింది. మాట: బిలో నార్మల్. ‘కాస్త తక్కువ’ అన్నట్టు వినిపిస్తుంది. కానీ ఆ సీజన్‌లో ఆగస్టు నెల 36 శాతం లోటుతో 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అతి తక్కువ వాన పడిన ఆగస్టు అయింది. ఆ ఖరీఫ్‌కు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది, అందులో 80 తీవ్ర కరువు, 23 మధ్యస్థ కరువు. ఈ మూడు వాక్యాలూ నిజమే. మూడిట్లో ఏది హెడ్డింగ్ అవుతుందన్న దాన్ని బట్టి చదివేవాడికి మూడు వేరు వేరు సంవత్సరాలు కనిపిస్తాయి.

రోజువారీ బులెటిన్లలో ఇంకా చిన్న మాటలు మోసం చేస్తాయి. ‘రాయలసీమలో ఒకటి రెండు చోట్ల వానలు’ అంటే మనం ఏదో నోటిమాటగా అన్నారనుకుంటాం. అది కూడా కొలతే: కేంద్రాల్లో పావు వంతు దాకా వాన నమోదైతే ఆ మాట. సగం దాకా అయితే ‘కొన్ని చోట్ల’, ముప్పావు దాకా అయితే ‘అనేక చోట్ల’. ఒక్క చోటా పడకపోతే ‘డ్రై’. దీన్ని మనం ‘పొడి వాతావరణం’ అంటున్నాం. పొడి అనగానే గాలిలో తేమ లేదని, పెదాలు పగులుతాయని అనుకుంటారు. విజయవాడలో చెమటలు కారిపోతున్న రోజున కూడా బులెటిన్‌లో పొడి వాతావరణం అనే ఉండొచ్చు. అది చెమట గురించి కాదు, వాన గురించి. ‘వాన ఉండదు’ అని రాస్తే పోయేదానికి పొడి దేనికి?

అసలు డ్రౌట్ మాట ఎక్కడ పోయింది? వాతావరణ శాఖ 2016లో దేశ స్థాయి వర్ణనల్లోంచి దాన్ని తీసేసింది. అంతకు ముందు ‘ఆలిండియా డ్రౌట్ ఇయర్’ అన్నదాన్ని ఇప్పుడు ‘డెఫిషియెంట్ ఇయర్’ అంటున్నారు. కారణం వినడానికి సబబుగానే ఉంటుంది: మేం వాన కొలుస్తాం, కరువు ప్రకటించడం రాష్ట్రాల పని. నిజమే, చట్టం ప్రకారం, ఆనవాయితీ ప్రకారం అది రాష్ట్రాల పనే. కానీ రాష్ట్రాలు ఆ మాట రాయడానికి వెనకాడితే? అదే ఏడాది మే 11న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జస్టిస్ మదన్ లోకూర్, మన తెలుగువాడు జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ధర్మాసనం అది. వానలు తప్పినా కరువు ఒప్పుకోని బీహార్, గుజరాత్, హర్యానాల తీరును ఇసుకలో తల దాచుకునే ఉష్ట్రపక్షి తీరుతో పోల్చి, పాత మాన్యువల్‌ను సవరించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ముందు చెప్పిన 2016 మాన్యువల్ ఆ తర్వాత వచ్చిందే.

అందులో వాన లోటు తలుపు తట్టడం లాంటిది మాత్రమే. ఆ తర్వాత విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహం తీసిన పచ్చదనం చిత్రాలు, నేలలో తేమ, చెరువులూ భూగర్భ జలాలూ అన్నీ చూస్తారు. కొన్ని ఊళ్లకు మనుషులు పోయి కళ్లారా చూసి వస్తారు. ఇన్ని మెట్లు ఎక్కాక ‘సివియర్’ అన్న మాట పడితేనే కేంద్రం నిధి నుంచి సాయం అడగడానికి దారి. మన ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపించే ‘తీవ్ర’, ‘మధ్యస్థ’ అన్న విశేషణాలు బాధ ఎంతుందో చెప్పేవి కావు, ఏ తలుపు తెరుచుకుంటుందో చెప్పేవి.

పంట ఏ దశలో ఉంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. ఇక్కడికి వచ్చేసరికి ఇంగ్లీషు కన్నా తెలుగుకే మాటలు ఎక్కువ.

ఇంగ్లీషులో డ్రౌట్‌ను మూడుగా చీలుస్తారు. వాన లోటు ఒకటి, పంటకు తేమ అందకపోవడం ఇంకోటి, చెరువులూ బోర్లూ అడుగంటడం మూడోది. ఈ మూడూ ఒకే రోజు రావు. 2018 చివర్లో ఈశాన్య రుతుపవనాలు తప్పితే, చెన్నై కుళాయిలు ఎండింది 2019 జూన్‌లో. వాన పోయిన బాధ ఆరేడు నెలలు దారిలో ఉండి, ఎండాకాలంలో ఇంటికి చేరింది. దానికి మన పత్రికలు వాడే ‘నీటి ఎద్దడి’ చక్కటి మాట. వర్షాభావానికీ నీటి ఎద్దడికీ తేడా పాటిస్తే చాలు, పాఠకుడికి సగం విషయం తెలిసిపోతుంది. వానలు దంచికొట్టే చిరపుంజిలో కూడా చలికాలంలో తాగునీటికి ఎద్దడే. అక్కడ కరువు లేదు, ఎద్దడి ఉంది.

మధ్యదే రైతుది. దానికి మా వైపు మాట ‘బెట్ట’. చేను బెట్టకొచ్చిందంటారు. డ్రై స్పెల్‌కు బెట్ట అని అనువాదం చేస్తుంటాం కానీ ఈ రెండూ ఒకటి కావు. డ్రై స్పెల్ ఆకాశం వైపు చూసి చెప్పే మాట, బెట్ట మొక్క వైపు చూసి చెప్పే మాట. నల్లరేగడిలో మూడు వారాలు వాన లేకపోయినా పంట బెట్టకు రాకపోవచ్చు, ఆ మట్టి తేమను పట్టి ఉంచుతుంది. మా ఎర్ర ఇసుక నేలల్లో పన్నెండో రోజుకే ఆకు ముడుచుకుంటుంది. అప్పటికి డ్రై స్పెల్ పుట్టలేదు, బెట్ట మాత్రం వచ్చేసింది. ఆ తర్వాత ‘వాడుముఖం పట్టింది’ అంటారు. అప్పటికీ ఒక తడి దొరికితే లేస్తుంది. అదీ దాటితే ‘ఎండుముఖం’. ఇక ఏ తడీ లేపదు. ఇంగ్లీషులో మాయిశ్చర్ స్ట్రెస్, విల్టింగ్ అని రాయొచ్చు. విల్టింగ్‌లో కూడా తిరిగి లేచేది, లేవనిది అని విడదీసే పదాలు శాస్త్రవేత్తల దగ్గర ఉన్నాయి. మన దగ్గర అవి గట్టు మీద కూర్చున్న ముసలావిడ నోట్లో ఉన్నాయి.

నా మొదటి అర్జీలో ఇంకో తప్పు కూడా ఇక్కడే బయటపడింది. ‘చేలు నెర్రెలిచ్చాయి’ అని రాశాను. ఎర్ర నేల నెర్రెలివ్వదు. నెర్రెలిచ్చేది నల్లరేగడి, ఎండిన చెరువు అడుగు బంకమట్టి. కరువు వార్త పక్కన పత్రికల్లో వేసే పగుళ్ల ఫొటో ఎక్కువసార్లు చెరువు అడుగుదే. ఎర్ర నేల ఎండితే బిగుసుకుపోతుంది, పైన పెంకు కడుతుంది. శనక్కాయకు ఆ పెంకే శత్రువు. విత్తిన నెలకు పూత వస్తుంది. ఆ పువ్వు కింది నుంచి సన్నటి ఊడ బయలుదేరి, వంగి, నేలలోకి గుచ్చుకుని, లోపల కాయ అవుతుంది. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది. ఆ పది పదిహేను రోజులు వాన లేకపోతే ఊడ నేలను తాకి, ముక్కు మాడి, అక్కడే ఆగిపోతుంది. పైన చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది. ఉపగ్రహానికీ పచ్చగానే కనిపిస్తుంది. పీకి చూస్తే కాయ ఉండదు. 2016 ఆగస్టులో అనంతపురం చేలకు రెయిన్ గన్‌లతో, అంటే నీటిని వానలా చిమ్మే గొట్టాలతో ఒక్క తడి ఇవ్వడానికి ప్రభుత్వం అంత హడావుడి పడింది సరిగ్గా ఈ దశ కోసమే.

చిన్నాయనా నేనూ రెండో అర్జీ రాయడానికి కూర్చున్నాం. ఈసారి ముందు ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను. విత్తిన తేదీ. చివరిసారి పదును వాన పడిన తేదీ. ఆ తర్వాత పడిన రెండు జల్లులు, వాటి కొలత మండల ఆఫీసు పుస్తకంలో నుంచి. వరసగా నాలుగు వారాలు, ప్రతి వారం సగటులో సగం కన్నా తక్కువ. పార్చ్‌డ్ తీసేశాను. ఫేమిన్ ఎలాగూ లేదు. పది వాక్యాలైంది. చదివి వినిపించమన్నాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. వారాలు, శాతాలు, మిల్లీమీటర్లు. ఆయన అన్నీ విన్నాడు, తల ఊపాడు. తర్వాత తువ్వాలు మూలన కట్టి తెచ్చిన ఒక శనక్కాయ చెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. వేళ్లకు మట్టి పొడిపొడిగా రాలింది. ఆకుల కింద ఊడలు ఏడో ఎనిమిదో, కొసలు నల్లబడి, గాలిలో వేలాడుతున్నాయి.

"ఊడ దిగలేదని రాసినావా?" అన్నాడు.

రాయలేదు. కాగితం మళ్లీ తీసుకుని, పదకొండో వాక్యం రాశాను.